నివురు గప్పిన నిప్పు



రాత్రి వంట అయిపోయాక కట్టెల పొయ్యిని ఎప్పుడైనా చూశారా? మంట ఉండదు. పొగ ఉండదు. పైన తెల్లని బూడిద ఉంటుంది. పొయ్యి ఆరిపోయిందనుకుంటాం. పొద్దున్నే పుల్లతో కదిపితే లోపల నిప్పు ఎర్రగా కణకణలాడుతూ ఉంటుంది. ఆ పైబూడిదనే నివురు అంటారు. దాని కింద ఉన్నది నివురు గప్పిన నిప్పు.

షుగరు జబ్బు కూడా అలాంటిదే. దీన్నే మధుమేహం అంటారు. మొదట్లో నొప్పి ఉండదు. మనిషి తిరుగుతూనే ఉంటుంది, పని చేసుకుంటూనే ఉంటుంది. లోపల మాత్రం నిప్పు కాలుతూ ఉంటుంది. ఆ నిప్పు సంగతి రక్త పరీక్ష చెబుతుంది. ఆ పరీక్ష కాగితాన్ని మనం ఎలా చదవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

అత్తాకోడళ్ల కథ

పాలకొల్లు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు. ఇది ఏ ఇంట్లోనైనా జరిగే కథే. అందుకే పేర్లు పెట్టలేదు.

ఇద్దరూ లేసు అల్లుతారు. అత్తగారికి ఎనిమిదేళ్ల నుంచి షుగరు ఉంది. మాత్రలు ఒకరోజు వేసుకుంటుంది, ఒకరోజు మానేస్తుంది. "ఒంట్లో బాగానే ఉంది గదా, మాత్రలెందుకే?" అంటుంది.

కోడలు చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. ఈ మధ్యే రాత్రి కేంద్రంలో చదువు నేర్చుకుంది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అంకెలైతే గబగబా చదువుతుంది.

ఒకరోజు అత్తగారు చెప్పులు లేకుండా కొబ్బరి తోటలోకి వెళ్లింది. చిప్ప పెంకు కాలి వేలికి గుచ్చుకుంది. ఆమెకు తెలియనే లేదు. సాయంత్రం కోడలు గచ్చు మీద రక్తం మరకలు చూసింది.

"అత్తయ్యా, మీ కాలికి దెబ్బ తగిలిందండి!"

"అవునా? నొప్పేం లేదే. కాస్త పసుపు పెట్టు, అదే తగ్గుద్ది."

పసుపు పెట్టారు. గుడ్డ కట్టారు. ఊళ్లో ఒకాయన చేత సూదిమందు వేయించారు. అది ఏ మందో ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు. పది రోజులు గడిచాయి. గుడ్డ విప్పితే వాసన వచ్చింది. వేలు నల్లబడింది. అప్పుడు కోడలు ఇంక ఆగలేదు. అత్తగారిని ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు కాలు చూశారు. రక్త పరీక్షలు రాశారు. మూడు గంటల తర్వాత కాగితం చేతికి వచ్చింది. కాగితమంతా ఇంగ్లీషు అక్షరాలు. కానీ అంకెలు మాత్రం అవే అంకెలు! కోడలు వేలు పెట్టి చదివింది.

"నర్సమ్మగారూ, ఇక్కడ 96 అని ఉందండి. పక్కన 5 లోపు ఉండాలని ఉంది. 5 ఉండాల్సిన చోట 96 ఎందుకొచ్చిందండి?"

నర్సమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"మంచి ప్రశ్న వేశావమ్మా. కూర్చో, చెబుతాను."

నర్సమ్మ చెప్పిన సంగతులు మనమూ విందాం.

మంచి నిప్పు

లేసు అల్లేటప్పుడు సూది వేలికి గుచ్చుకుందనుకోండి. కాసేపటికి ఏమవుతుంది? ఆ చోట ఎర్రబడుతుంది. వేడెక్కుతుంది. ఉబ్బుతుంది. నొప్పి పెడుతుంది. దీన్ని వాపు అంటాం. డాక్టర్లు ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఆ ఇంగ్లీషు మాటలో కూడా మంట అనే అర్థమే ఉంది.

ఈ వాపు మనకు శత్రువు కాదు. రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. అవి ఒంటికి కాపలా కాస్తాయి. దెబ్బ తగిలిన చోటికి అవి పరుగెత్తుకొస్తాయి. సూక్ష్మక్రిములను చంపుతాయి. చెడిన కండను శుభ్రం చేస్తాయి. పని అయ్యాక వెళ్లిపోతాయి. మూడు నాలుగు రోజుల్లో వాపు తగ్గుతుంది. పుండు మానుతుంది.

ఇది వంట పొయ్యిలో నిప్పు లాంటిది. పని కోసం రాజేస్తాం. పని కాగానే ఆర్పేస్తాం.

ఆరని నిప్పు

షుగరు ఉన్నవాళ్ల ఒంట్లో ఇంకో రకం నిప్పు ఉంటుంది. అది చిన్నది. పైకి ఎరుపు కనిపించదు, ఉబ్బు కనిపించదు. కానీ నెలల తరబడి, ఏళ్ల తరబడి ఆరదు.

ఈ నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక కారణం పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు. కొవ్వు ఊరికే పడి ఉండే మూట అని పూర్వం అనుకునేవారు. 1993లో అమెరికాలో శాస్త్రవేత్తలు లావెక్కిన ఎలుకల కొవ్వును పరీక్షించారు. వాపును రగిలించే పదార్థం ఆ కొవ్వులోనే తయారవుతోందని కనిపెట్టారు. ఆ పదార్థం ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది.

ఇన్సులిన్ అంటే ఏమిటి? మనం తిన్న అన్నం ఒంట్లో చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర రక్తంలోంచి కండలోకి వెళ్లాలి. అందుకు తలుపు తీసే తాళంచెవి ఇన్సులిన్. తాళం తుప్పు పడితే తలుపు తెరుచుకోదు. చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది.

రక్తంలో చక్కెర ఎక్కువైతే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట మళ్లీ వాపు పుడుతుంది. వాపు వల్ల ఇన్సులిన్ పని ఇంకా తగ్గుతుంది. చక్కెర ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులాగా ఇది తిరుగుతూనే ఉంటుంది.

రక్తనాళాలు లేని చోటు ఒంట్లో దాదాపు లేదు. అందుకే ఈ నిప్పు చాలా చోట్లకు పాకుతుంది.

కంటి వెనుక పొరలోని సన్న నాళాలు చెడితే చూపు పోతుంది.

మూత్రపిండాల్లోని సన్న నాళాలు చెడితే రక్తం శుభ్రం కాదు.

గుండెకు వెళ్లే నాళం మూసుకుంటే గుండెపోటు వస్తుంది.

మెదడుకు వెళ్లే నాళం మూసుకుంటే పక్షవాతం వస్తుంది.

కాలి నరాలు చెడితే స్పర్శ పోతుంది. అప్పుడు పెంకు గుచ్చుకున్నా తెలియదు. కాలికి రక్తం సరిగా అందకపోతే పుండు మానదు.

కథలో అత్తగారికి జరిగింది ఇదే. "నొప్పి లేదు గదా" అని ఆమె ధైర్యంగా ఉంది. షుగరు ఉన్న మనిషికి పుండులో నొప్పి లేకపోవడమే ప్రమాదం.

పొగ చూసి నిప్పు కనిపెట్టడం

దూరాన పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందంటాం. ఒంట్లో వాపు ఉంటే రక్తంలో కొన్ని గుర్తులు కనిపిస్తాయి. అవే ఆ పొగ. ముఖ్యమైనవి మూడు.

ఒకటి: సి.ఆర్.పి.

ఇది ఒక మాంసకృత్తు. దీన్ని కాలేయం తయారు చేస్తుంది. ఒంట్లో ఎక్కడ వాపు పుట్టినా కాలేయానికి కబురు వెళుతుంది. వెంటనే కాలేయం దీన్ని రక్తంలోకి వదులుతుంది. 1930లో అమెరికాలో నిమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదటిసారి కనిపెట్టారు.

చాలా కాగితాల మీద సి.ఆర్.పి.ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు. కొన్ని చోట్ల డెసిలీటరుకు ఇన్ని అని రాస్తారు. డెసిలీటరు అంటే లీటరులో పదో వంతు. అందుకే లీటరు లెక్కలో 10 అయితే, డెసిలీటరు లెక్కలో 1 అవుతుంది. అంకె ఒక్కటే చూసి కంగారు పడకండి. ధైర్యమూ పడకండి. పక్కనే మామూలుగా ఎంత ఉండాలో అచ్చువేసి ఉంటుంది. రెండూ కలిపి చూడండి.

పుండులో చీము పడితే సి.ఆర్.పి. బాగా పెరుగుతుంది. అత్తగారి కాగితంలో 96 ఉన్నది అందుకే.

షుగరు వల్ల వచ్చే నివురు నిప్పు మాత్రం చాలా చిన్నది. దాన్ని కొలవడానికి ఇంకో పరీక్ష ఉంది. దాని పేరు హై సెన్సిటివిటీ సి.ఆర్.పి. బియ్యం తూచే కాటా వేరు, బంగారం తూచే త్రాసు వేరు గదా! ఇది బంగారం తూచే త్రాసు లాంటిది. ఇందులో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండెజబ్బు ముప్పు తక్కువ. 1 నుంచి 3 వరకు మధ్యస్థం. 3 దాటితే ముప్పు ఎక్కువ. 10 దాటితే మాత్రం ఒంట్లో వేరే దెబ్బో, జ్వరమో, చీమో ఉండవచ్చు. అది తగ్గాక మళ్లీ పరీక్ష చేస్తారు.

2001లో అమెరికాలో ఆడవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనం అచ్చయింది. షుగరు లేని ఆడవాళ్ల రక్తం ముందుగా తీసి దాచారు. తర్వాత ఎవరికి షుగరు వచ్చిందో చూశారు. మొదట్లోనే సి.ఆర్.పి. ఎక్కువగా ఉన్నవారికి షుగరు ఎక్కువగా వచ్చింది. అంటే జబ్బు బయటపడక ముందే నిప్పు రాజుకుందన్నమాట.

రెండు: ఇ.ఎస్.ఆర్.

వరదల్లో గోదావరి నీళ్లు బిందెలో పోసి ఉంచితే ఒండ్రు అడుక్కి దిగుతుంది. ఇదీ అలాంటి పరీక్షే. రక్తాన్ని సన్నని గొట్టంలో పోసి గంటసేపు నిలబెడతారు. ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. ఒంట్లో వాపు ఉంటే ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. బరువెక్కి గబగబా దిగుతాయి. అంకె పెరుగుతుంది.

షుగరు ఉన్నవారి కాలి పుండులో ఈ అంకె 70 దాటితే ఎముకకు కూడా చీము పట్టిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. ఎక్స్‌రే తీస్తారు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లలో వాపు లేకపోయినా ఈ అంకె కాస్త ఎక్కువగానే ఉంటుంది. ఆ సంగతి కూడా డాక్టరు చూసుకుంటారు.

మూడు: తెల్లకణాల లెక్క

కాపలావాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క ఇది. మామూలుగా 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి. ఎక్కడో పోరాటం జరుగుతుంటే ఇంకా పెరుగుతాయి. షుగరు బాగా ముదిరినవారిలో చీము ఉన్నా ఒక్కోసారి ఇవి పెరగవు. అందుకే లెక్క బాగుందని పుండును వదిలేయకూడదు.

తొందరపడకండి

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. పొగ కనిపిస్తే నిప్పు ఉందని తెలుస్తుంది. ఎవరింట్లో ఉందో తెలియదు. సి.ఆర్.పి. కూడా అంతే. జలుబు చేసినా పెరుగుతుంది. పంటి చిగురు వాచినా పెరుగుతుంది. కీళ్ల జబ్బు ఉన్నా పెరుగుతుంది. షుగరు ఉందో లేదో అది చెప్పదు.

అందుకని షుగరు ఉన్న ప్రతివారూ పరుగెత్తి సి.ఆర్.పి. చేయించుకోనక్కర్లేదు. డాక్టరు రాస్తే చేయించుకోవాలి. డబ్బు తక్కువగా ఉంటే ముందు చేయించుకోవాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఇంకో మాట. వాపు అన్నారు గదా అని మందుల షాపులో నొప్పి మాత్రలు కొనకండి. నొప్పి మాత్రలు తరచుగా మింగితే మూత్రపిండాలు చెడిపోవచ్చు. షుగరు ఉన్నవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. కొన్ని సూదిమందుల్లో స్టిరాయిడ్ ఉంటుంది. దానివల్ల నొప్పి తగ్గినట్టుంటుంది, షుగరు మాత్రం ఒక్కసారిగా పెరుగుతుంది. సూది వేసే ముందు "ఇది ఏ మందండి? నాకు షుగరు ఉందండి" అని చెప్పండి. అడగడం తప్పు కాదు. అది మన ఒళ్లు.

నిప్పు ఎంత కాల్చింది?

ఈ పరీక్షలు మాత్రం షుగరు ఉన్న ప్రతివారికీ అవసరం.

హెచ్‌బిఏ1సి: ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజుల్లో రక్తంలో చక్కెర ఎంత ఉంటే అంత దానికి అంటుకుంటుంది. అందుకే ఇది రెండు మూడు నెలల లెక్క చెబుతుంది. పరీక్షకు ముందు ఒక్కరోజు పస్తుంటే దీన్ని మోసం చేయలేం. 5.7 లోపు ఉంటే మామూలు. 6.5, ఆపైన ఉంటే షుగరు ఉన్నట్టు. మందులు వాడేవారిలో చాలామందికి 7 లోపు ఉంచాలని డాక్టర్లు చూస్తారు. ఇనుము తక్కువై రక్తం లేనివారిలో ఈ అంకె ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపవచ్చు. రక్తం తక్కువగా ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

మూత్రంలో ఆల్బుమిన్: ఆల్బుమిన్ ఒక మాంసకృత్తు. జల్లెడ బాగుంటే పిండి జారుతుంది, నూక జారదు. మూత్రపిండం జల్లెడ చిరిగితే ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. ఈ అంకె 30 లోపు ఉండాలి. 30 దాటితే జల్లెడ చిరగడం మొదలైందేమోనని మళ్లీ పరీక్షిస్తారు. మనకు ఏ బాధా తెలియక ముందే ఈ పరీక్ష చెబుతుంది. ఏడాదికి ఒకసారి చేయించుకోవాలి.

క్రియాటినిన్: కండలు పని చేస్తే పుట్టే చెత్త ఇది. మూత్రపిండాలు దీన్ని బయటికి పంపాలి. పంపలేకపోతే రక్తంలో పెరిగిపోతుంది.

కంటి పరీక్ష: ఏడాదికి ఒకసారి కంటి వెనుక పొరను చూపించుకోవాలి. అద్దాల పరీక్ష వేరు, ఇది వేరు. మన పక్క ఎంతోమంది ఆడవాళ్లకు లేసు మీద నాలుగు డబ్బులు వస్తాయి. చూపు పోతే లేసు పోతుంది.

కాళ్ల పరీక్ష: దీనికి డబ్బు అక్కర్లేదు. రోజూ మనమే చేసుకోవచ్చు.

ఇవికాక రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోవాలి.

మన గోదావరి లెక్క

షుగరు పట్నాల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. 2006లో అది వైద్య పత్రికలో అచ్చయింది. 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షించారు. నూటికి 13 మందికి షుగరు ఉన్నట్టు తేలింది. వారిలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు! అంటే సగం ఇళ్లలో నిప్పు నివురు కిందే ఉందన్నమాట.

అదే ఏడాది ఇంకో లెక్క కూడా అచ్చయింది. 2003, 2004లలో గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో జరిగిన మరణాల లెక్క అది. నూటికి 32 మరణాలకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులే.

2023లో దేశమంతటి లెక్క వచ్చింది. మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందని అందులో తేలింది.

ఈ పరీక్షల చరిత్రలో మన జిల్లా మనిషి కూడా ఒకాయన ఉన్నారు. పాలకొల్లుకు దగ్గరలోని భీమవరంలో 1895లో ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టారు. అమెరికా వెళ్లి గొప్ప శాస్త్రవేత్త అయ్యారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో లోకానికి చెప్పారు. కండకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కూడా వాళ్లిద్దరే కనిపెట్టారు. క్రియాటినిన్ అని ఇందాక చదివాం గదా! కండలోని ఆ పదార్థం అరిగితే వచ్చేది అదే.

సుబ్బారావుగారి బృందం తయారు చేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాన్ని కేన్సరుకు వాడతారు. కీళ్లవాపుకూ వాడతారు. మరి షుగరు ఉన్నవారి లోపలి వాపు దీనితో ఆరుతుందా? గుండెపోటు తగ్గుతుందా? అమెరికాలో, కెనడాలో గుండెజబ్బు ఉండి, షుగరో, షుగరు వచ్చే లక్షణాలో ఉన్న 4,786 మంది మీద పరీక్షించారు. తగ్గలేదని 2018లో తేలింది. 2017లో ఇంకో ఖరీదైన సూదిమందు ఫలితం వచ్చింది. దానితో గుండెపోట్లు కొంత తగ్గాయి. కానీ ఇన్‌ఫెక్షన్లు వచ్చి చనిపోయినవారు కొంచెం పెరిగారు.

ఎందుకలా? మంచి నిప్పు కూడా ఆరిపోతే సూక్ష్మక్రిములను ఎదిరించేదెవరు? అందుకే వాపును ఒక్క మందుతో ఆర్పేయడం ఇంకా కుదరలేదు. నిప్పులో పుల్లలు వేయకుండా ఉండటమే మన చేతిలో ఉన్న పని.

పుల్లలు తీసేద్దాం

షుగరును అదుపులో పెట్టుకోవాలి. బ్రిటన్‌లో 5,102 మంది రోగులతో ఇరవై ఏళ్లు సాగిన అధ్యయనం 1998లో వెలువడింది. మందులతో షుగరును గట్టిగా అదుపు చేసినవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి సన్న నాళాల జబ్బులు నాలుగో వంతు తగ్గాయి. అందుకే ఒంట్లో బాగున్నా మాత్రలు మానకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లోనే షుగరు, బి.పి. పరీక్షలు చేస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఎ.ఎన్.ఎమ్.ను అడగండి.

పొట్ట కొలుచుకోండి. టైలరు టేపు బొడ్డుకు కాస్త పైన పెట్టండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు.

అన్నం తగ్గించండి. మనది వరి పండే నేల. మూడు పూటలా అన్నమే తింటాం. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. పళ్లెంలో సగం ఆకుకూర, కూరగాయలు ఉండాలి. పావు వంతు పప్పో, చేపో, గుడ్డో ఉండాలి. మిగిలిన పావు వంతే అన్నం.

నడవండి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు చాలు. లేసు అల్లేవాళ్లు గంటల తరబడి కూర్చుంటారు. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి.

చుట్ట, బీడీ, పొగాకు మానండి. అవి నిప్పు మీద కిరసనాయిలు లాంటివి. ఇంట్లో మగవాళ్లకు కూడా చెప్పండి.

పళ్లు తోముకోండి, చిగుళ్లు చూసుకోండి. చిగుళ్ల వాపు షుగరును పెంచుతుంది. షుగరు చిగుళ్ల వాపును పెంచుతుంది. చిగుళ్లకు వైద్యం చేయిస్తే షుగరు కూడా కొంత తగ్గుతుంది.

కాళ్లు చూసుకోండి. రాత్రి పడుకునే ముందు కడిగి తుడవండి. వేళ్ల సందులు ఆరనివ్వండి. అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకోండి. చేలోకైనా, తోటలోకైనా చెప్పులు లేకుండా వెళ్లకండి. క్షీరారామం గుడికి వెళితే చెప్పులు విడవక తప్పదు. మిట్టమధ్యాహ్నం బండలు కాలిపోతుంటాయి. స్పర్శ లేని కాలికి ఆ వేడి తెలియదు, బొబ్బలెక్కుతుంది. పొద్దున్నే చల్లని వేళ వెళ్లి రండి. స్వామి ఏ వేళైనా అక్కడే ఉంటాడు గదా!

కథ ఏమైంది?

అత్తగారికి ఎక్స్‌రే తీశారు. వేలి ఎముకకు చీము పట్టింది. హెచ్‌బిఏ1సి 10.2 ఉంది. ఇ.ఎస్.ఆర్. 88 ఉంది. వేలు తీసేయాలన్నారు. ఆమె ఏడ్చింది. డాక్టరు చెప్పారు:

"ఇంకో వారం ఆగి వస్తే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదండి మామ్మగారూ. మీ కోడలు సమయానికి తెచ్చింది."

వేలు పోయింది. కాలు దక్కింది.

కోడలు గోడ మీది క్యాలెండరులో అంకెలు రాయడం మొదలుపెట్టింది. మొదటి వారం 96. రెండో వారం 41. మూడో వారం 12. ఐదో వారం 4. పుండు ఎండుతోంది. మాత్రలు ఇప్పుడు ఏ రోజూ మానడం లేదు.

ఒక సాయంత్రం అత్తగారు ఆ క్యాలెండరు ముందు నిలబడింది.

"అమ్మాయ్, ఇందులో నాలుగు ఏదే?"

"ఇదేనండి అత్తయ్యా."

"ఒకసారి రాసి చూపించు. ఈసారి కాగితం వస్తే నేనే చూసుకుంటాను."

ఆ రాత్రి అత్త కూడా పలక పట్టింది.

కొత్త మాటలు

నివురు: నిప్పు మీది సన్న బూడిద
వాపు: ఒంట్లో దెబ్బకు, క్రిములకు ఎదురుగా రాజుకునే నిప్పు
కాలేయం: కడుపులో కుడివైపు పైన ఉండే పెద్ద అవయవం
మూత్రపిండాలు: రక్తాన్ని వడపోసే రెండు అవయవాలు
మాంసకృత్తులు: పప్పు, గుడ్డు, చేపల్లో ఉండే పోషకాలు. ఇవి మన రక్తంలోనూ ఉంటాయి.

ఆలోచించండి, చెప్పండి

1. మంచి నిప్పుకు, ఆరని నిప్పుకు తేడా ఏమిటి?
2. అత్తగారికి పెంకు గుచ్చుకున్నా ఎందుకు తెలియలేదు?
3. సి.ఆర్.పి. పెరిగితే షుగరు ఉన్నట్టేనా? ఎందుకు?
4. సూదిమందు వేయించుకునే ముందు ఏమి అడగాలి?

చేయండి

మీ ఇంట్లో షుగరు ఉన్నవారి పరీక్ష కాగితం తీయండి. అంకెలు చదవండి. పక్కన ఉన్న మామూలు అంకెతో పోల్చండి. తేడా ఉన్నచోట పెన్సిలుతో గీత గీయండి. ఆ కాగితం డాక్టరుకు చూపించి, "ఇది ఎందుకిలా ఉందండి?" అని అడగండి.